పిల్లిగెడ్డ తాబేలు పంపకాలు

పిల్లిగెడ్డ ఉమ్మడి జలవిద్యుత్ ప్రాజెక్టు చరిత్రలో రెండు ప్రభుత్వాలూ ఒకే కాగితం మీద సంతకాలు చేసిన సందర్భాలు రెండే రెండు. మొదటిది ప్రాజెక్టు ప్రారంభించినప్పుడు. రెండవది తాబేలును పంచుకున్నప్పుడు. మొదటిదానికి శిలాఫలకం ఉంది. రెండవదాని గురించి ఎవరూ ఏమీ చెక్కించలేదు కనుక నేను రాస్తున్నాను.

పిల్లిగెడ్డ కోరాపుట్ కొండల్లో ఉంది. సెమిలిగుడలో బస్సు దిగి, మాచ్‌ఖండ్ వైపు వెళ్ళే జీపును వదిలేసి, దాని వెనకాల ఎవరూ ఎక్కని జీపు ఒకటి ఉంటుంది, అది ఎక్కాలి. అక్కడి గెడ్డ, అంటే వాగు, కొండమీది రాష్ట్రంలో పుట్టి, కొండకింది రాష్ట్రంలో పడుతుంది. అందుచేత కరెంటు చెరిసగం. రాష్ట్రాల పేర్లు రాయను. రెండింటికీ కోపం తొందరగా వస్తుంది. పైగా రెండింటిలోనూ నాకు చుట్టాలున్నారు.

ఉమ్మడి ప్రాజెక్టు కనుక స్టోర్సులోంచి ఒక బోల్టు బయటికి రావాలంటే ఇద్దరు ఇంజనీర్లు సంతకం పెట్టాలి. కొండకింది ప్రభుత్వం తరఫున సోమేశ్వరరావు గారు, కొండమీది ప్రభుత్వం తరఫున పట్నాయక్ గారు. ఇద్దరూ పెద్ద చదువులు చదివినవారు, సాయంత్రం పూట ఒకే క్లబ్బులో టీ తాగేవారు. కాని ఒకరు సంతకం పెట్టిన కాగితం మీద దాని కింద సంతకం పెడితే తమ ప్రభుత్వం తల వంచినట్టవుతుందని ఇద్దరికీ పైనుంచి ఆదేశాలుండేవి. ఆ విధంగా బోల్టులు స్టోర్సులో క్షేమంగా ఉండేవి.

ఆ స్టోర్సుకు గుమాస్తా కూర్మారావు. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగం కోసం కొండెక్కి వచ్చినవాడు. బోల్టులు కదలవు కనుక అతనికి పని లేదు. పని లేకపోవడం మా ప్రాజెక్టులో లోపం కింద లెక్క కాదు, హోదా కింద లెక్క. తక్కిన గుమాస్తాలు ఆ హోదాను చీట్లపేకతో నిలబెట్టుకుంటూ వచ్చారు. కూర్మారావు మాత్రం యంత్రాలు వచ్చిన చెక్కపెట్టెలు విరిచి, ఆ ముక్కలను చాకుతో చెక్కుతూ కూర్చునేవాడు. అరవై ఏడు వానాకాలంలో అలా ఒక తాబేలు తయారైంది.

అరచేతిలో ఇమిడే తాబేలు. డిప్ప నాలుగు ముక్కలు, కాళ్ళు నాలుగు, తల ఒకటి. మేకు లేదు, జిగురు లేదు. ఒకదాని గాడిలో ఒకటి దూరి కూర్చుంటాయి. తల పట్టుకుని లాగితే తాబేలంతా ఒళ్ళో రాలిపోతుంది. ఆ ముక్కల్ని మళ్ళీ తాబేలు చెయ్యడమే ఆట. ఆఖరున తల దూరితే ముక్కలన్నీ బిగుసుకుంటాయి. తల లేకపోతే ఏ ముక్కా ఇంకో ముక్కను పట్టుకోదు.

మొట్టమొదట దాన్ని భార్య వరహాలమ్మ చేతిలో పెట్టాడు.

"ఏటండీ ఇది?"

"తాబేలు."

"అది కనబడతన్నాది. ఏటికని?"

"తల లాగి సూడు."

ఆమె లాగింది. ముక్కలు వంటింటి నేలమీద పడ్డాయి. ఏరుకుని కూర్చడం మొదలుపెట్టింది. పొయ్యిమీద అన్నం మాడింది. కూర్మారావు గుమ్మంలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు.

"బాగున్నదాన్ని ఇప్పించీసి, ఏడిపించీసి, నవ్వుతారా! ఇదేటి ఆటండీ?"

"అదే మరి ఆట!" అన్నాడు కూర్మారావు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గొప్పవాళ్ళ జీవిత చరిత్రల్లో కనిపించే వినయం కూర్మారావు దగ్గర ఇసుమంతైనా లేదు. ఎదుటివాడు ముక్కలు చేతిలో పట్టుకుని చెమటలు కక్కుతుంటే చూడడం అతనికి విందుభోజనం. కొన్నాళ్ళకు వరహాలమ్మ పట్టు వదలకుండా తాబేలును కూర్చేసింది. ఆ పూట కూర్మారావు అన్నం సరిగా తినలేదు.

తరవాత తాబేళ్ళు కొండలు దిగాయి. తోటి గుమాస్తాలు తీసుకెళ్ళినవి సెమిలిగుడ టీ కొట్లకు చేరాయి, లారీ డ్రైవర్ల చేతుల్లోంచి కొట్పాడ్ సంతకు చేరాయి. అక్కడ నేతగాళ్ళు మగ్గం ఆపి తాబేలు పట్టుకున్నారు. వడ్రంగులు చూసి నేర్చుకుని చేసి అమ్మారు. కూర్మారావు వాళ్ళను ఏమీ అడగలేదు, తన పేరు చెప్పమన్నాడు అంతే. రాయగడ స్టేషన్లో ప్రయాణికులు బెంచీల మీద తాబేలు కూరుస్తూ కూర్చుని, తామెక్కాల్సిన రైలును తామే సాగనంపేవారు. ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు "ఆ కాలు ఇటు పెట్టు" అని మాట్లాడుకున్నారు. సెలవు రోజున కూర్మారావు సెమిలిగుడ కూడలికి వెళ్ళి, జనం అవస్థను కళ్ళారా చూసుకుని, సాయంత్రం జీపులో ఈల వేసుకుంటూ తిరిగొచ్చేవాడు.

ఇంత ఆనందం ప్రభుత్వం దృష్టికి రాకుండా ఎన్నాళ్ళుంటుంది?

ఒకనాడు పట్నాయక్ గారు స్టోర్సు తనిఖీకి వచ్చి, బల్లమీదున్న తాబేలును తల పట్టుకుని ఎత్తారు. అది రాలిపోయింది. పట్నాయక్ గారు ముక్కల్ని కాసేపు అటూ ఇటూ తిప్పారు. గుమాస్తాను అడగడం హోదాకు తగదు. ఓడిపోయానని ఒప్పుకోవడం ప్రభుత్వానికి తగదు. ముక్కలు ప్యాంటు జేబులో వేసుకుని వెళ్ళి, ఉమ్మడి కలపతో ఈ వస్తువును ఎవరి అనుమతితో తయారుచేశారో తెలుపవలసిందని మెమో పంపారు.

ఆ మెమో చూసి సోమేశ్వరరావు గారు లేచి నిలబడ్డారు. తయారుచేసినవాడు కొండకింది రాష్ట్రం మనిషి కనుక తాబేలు కీర్తి మొత్తం కొండకిందికే చెందుతుందని రాశారు. కలప ఉమ్మడిది కనుక కీర్తి కూడా ఉమ్మడిదేనని పట్నాయక్ గారు రాశారు. ఉత్తరాలు రెండు రాజధానులకూ వెళ్ళాయి. ఉభయ రాష్ట్రాల తాబేలు సంఘం ఏర్పడింది. ఆ సంఘం కోరాపుట్‌లో కూర్చుంది, రాయగడలో కూర్చుంది, ఎండలు ముదిరాక చల్లని చోట ఇంకెక్కడో కూర్చుంది. సభ్యులెవరూ తాబేలును ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏమవుతుందో పట్నాయక్ గారి ద్వారా అందరికీ తెలిసింది.

కూర్మారావు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "నా తాబేలు కోసం రెండు గవర్నమెంట్లు దెబ్బలాడుకుంటన్నాయే!" అన్నాడు ఇంటికొచ్చి.

వరహాలమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది. తల ఎత్తలేదు. "దెబ్బలాడుకున్నోలు ఆకర్న ఏటి సేస్తారు? పంచుకుంటారు. సూస్కోండి."

అలాగే జరిగింది. డెబ్భయ్యో సంవత్సరం చలికాలంలో పిల్లిగెడ్డ మైదానంలో షామియానా వేశారు. డిప్ప నాలుగు ముక్కలూ కొండకింది రాష్ట్రానికి, కాళ్ళు నాలుగూ కొండమీది రాష్ట్రానికి అని ఒప్పందం చదివి, ఒకరి కింద ఒకరు కాకుండా పక్కపక్కన సంతకాలు పెట్టారు. తల మీద మాత్రం రాజీ కుదరలేదు. తల ఎవరిదైతే తాబేలు వాళ్ళదవుతుంది కదా. అందుచేత తలను స్ట్రాంగ్‌రూములో పెట్టి రెండు తాళాలు వేసి, తాళంచెవులు చెరొకటి తీసుకోవాలని తీర్మానించారు.

సోమేశ్వరరావు గారు ఉపన్యసించారు: "సభాసదులారా! ఒక బొమ్మను విడదీయడం పసిపిల్లవాడికైనా చేతనవుతుంది. దానిని శాశ్వతంగా విడదీసి ఉంచడానికి మాత్రం సమర్థమైన ప్రభుత్వం కావాలి. మనకు అటువంటివి రెండున్నాయి!"

పట్నాయక్ గారు తమ వంతుగా, "నిన్నటివరకు ఈ తాబేలు ఒక్కరి చేతిలో ఉండేది. నేడు రెండు రాష్ట్రాల చేతుల్లో ఉంది. దీనిని మించిన అభివృద్ధి ఏముంది?" అన్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. నేనూ కొట్టాను.

కూర్మారావుకు కొట్పాడ్ శాలువా కప్పి, చేతిలో ఉత్తర్వు పెట్టారు. ఉదయం పూట డిప్పలు, మధ్యాహ్నం పూట కాళ్ళు చెయ్యాలి. వాటిని చూసి రెండు ప్రభుత్వాల కర్మాగారాలూ లక్షల్లో తయారుచేస్తాయి. తల అతనే కాదు, ఏ వడ్రంగీ చెయ్యకూడదు; ఊళ్ళలో ఉన్న తలలన్నీ ఏరి తగలబెట్టేస్తారు. డిప్పను, కాళ్ళను ఒకే గదిలో ఉంచకూడదు.

"మరి తల నేకపోతే ఎలాగ నిలబడతాదండి?" అన్నాడు కూర్మారావు మైకు దగ్గరే.

"నిలబెట్టడం ప్రభుత్వాల పని," అన్నారు సోమేశ్వరరావు గారు. "శాలువా సరిగ్గా కప్పుకో. ఫోటో తీస్తున్నారు."

తరవాతి పదేళ్ళను ఆటబొమ్మల చరిత్రలో స్వర్ణయుగం అనాలి. కొండకింది రాష్ట్రంలో డిప్ప ముక్కలు బడులకు పంచారు. నాలుగూ కలవవు, ఒకదానికొకటి ఆనవు. కాబట్టి వాటిని రెండు చేతులతో అదిమిపట్టి ఎక్కువసేపు నిలబడినవాడు గెలిచినట్టని నియమం పెట్టారు. జిల్లా స్థాయి పోటీలు, రాష్ట్ర స్థాయి పోటీలు వచ్చాయి. డిప్ప పట్టడంలో మెళకువలు నేర్పే మాస్టర్లు వచ్చారు. కొండమీది రాష్ట్రంలో నాలుగు కాళ్ళనూ బల్లమీద నిలబెట్టాలి. నిలబడవు. పడిపోయిన తీరును బట్టి మార్కులు వేశారు. అటువాళ్ళు ఆటబొమ్మ అంటే కాళ్ళే అన్నారు. ఇటువాళ్ళు డిప్పే అన్నారు. అది తాబేలన్న సంగతి కొన్నాళ్ళకు పాఠ్యపుస్తకాల్లోంచి మర్యాదగా తప్పుకుంది.

అన్నిటికంటె ముఖ్యం, ప్రజలు సుఖపడ్డారు. మునుపు తాబేలు కూర్చలేకపోతే రాత్రి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఎవరూ కూర్చలేరు, కాబట్టి ఎవరూ ఓడిపోరు.

సుఖపడనివాడు ఒక్కడే. కూర్మారావు సెమిలిగుడ కూడలికి వెళ్ళి కొండకిందినుంచి వచ్చి డిప్ప పట్టుకున్నవాళ్ళ పక్కన కూర్చుని, "దీనికి కాళ్ళుంటాయండి, తలుంటాదండి" అని చెప్పి చూశాడు. "మీది ఏ రాష్ట్రం?" అని అడిగారు. కాళ్ళవాళ్ళ దగ్గరికి వెళ్ళి డిప్ప సంగతి చెప్పాడు. వాళ్ళూ అదే అడిగారు. కూడలికి వెళ్ళడం మానేశాడు. ఈల వెయ్యడం మానేశాడు. గొప్పలు చెప్పుకోవడం కూడా మానేసేసరికి వరహాలమ్మకు భయం వేసింది.

"ఒకటి పూర్తిగా సేసుకోండి," అంది ఒక ఆదివారం.

"కలిపితే ఉద్యోగం పోతాదే."

"సెక్కముక్కలు కలిపితే ఉద్యోగం పోయీ రోజులొచ్చినాయా! తల కోసం ఉమ్మడి కర్ర ముట్టుకోకండి. ఇదిగో, ఇది నా పుట్టింటి సెక్క గరిటి." అని గరిటె కాడ విరిచి ఇచ్చింది.

సంచీలో తెచ్చుకున్న ఒక డిప్ప, నాలుగు కాళ్ళు, గరిటె కాడతో చెక్కిన తల. వంటింట్లో కూర్చుని, ఎన్నో ఏళ్ళ తరవాత కూర్మారావు ఒక తాబేలును కూర్చాడు. తల బిగుసుకున్నప్పుడు వచ్చే చిన్న 'టక్' శబ్దం విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తరవాత ఒక తప్పు చేశాడు. పక్కింటి గుమాస్తాను పిలిచి, కూర్చి చూడమన్నాడు. అలవాటు అలాంటిది. పక్కింటాయన కూర్చలేకపోయాడు, కాని ఫిర్యాదు చెయ్యగలిగాడు.

అభియోగం ఇది: "ఉభయ రాష్ట్రాల ఆస్తులను ఒకే వంటింట్లో అనధికారికంగా ఏకం చేయుట." రుజువైతే ఉద్యోగం, క్వార్టరు రెండూ పోతాయి.

విచారణాధికారులు సోమేశ్వరరావు గారు, పట్నాయక్ గారు. ఇద్దరూ మొదటిసారి ఒకే బల్లకు ఒకే వైపున కూర్చున్నారు. తాబేలు బల్లమీద ఉంది. కూర్మారావు ఎదురుగా నిలబడ్డాడు. గరిటె తనది కనుక సాక్షిగా వచ్చిన వరహాలమ్మ గుమ్మం దగ్గర నిలబడింది.

"నేరానికి సాధనం ఇదేనా?" అంటూ పట్నాయక్ గారు దాన్ని తల పట్టుకుని ఎత్తారు.

సాక్ష్యం బల్లంతా చెల్లాచెదురైంది. సాక్ష్యం లేకపోతే విచారణ సాగదు. పట్నాయక్ గారు ముక్కలు దగ్గరికి తీసుకున్నారు. కాసేపటికి సోమేశ్వరరావు గారు "ఇటివ్వండి" అన్నారు. మరి కాసేపటికి పట్నాయక్ గారు "మీరు ఇటివ్వండి" అన్నారు. ఇద్దరికీ కాలర్లు తడిశాయి. కూర్చమని కూర్మారావుకు చెప్పడానికి వీల్లేదు. ముద్దాయిచేత మళ్ళీ నేరం చేయించినట్టవుతుంది. కూర్మారావు గోడవైపు చూస్తున్నాడు. అతని మీసం కింద చాలా ఏళ్ళకు ఒక నవ్వు కదిలింది.

"ఇలాగివ్వండి బాబూ," అంది వరహాలమ్మ ముందుకొచ్చి. "డిప్ప ముందల కాదు. కాళ్ళు ముందల. ఆకర్న తల." టక్.

పట్నాయక్ గారు వెంటనే తల పట్టుకుని లాగారు.

"ఇంకొక్కసారి," అన్నారు పట్నాయక్ గారు, నెమ్మదిగా.

సోమేశ్వరరావు గారు లేచి వెళ్ళి కిటికీ మూసి వచ్చారు. ఆ మధ్యాహ్నం కొండకింది ప్రభుత్వం డిప్ప పట్టుకుంది. కొండమీది ప్రభుత్వం కాళ్ళు దూర్చింది. "అది కాదు బాబూ, ఎడంకాలు" అని వరహాలమ్మ చెబుతూ వచ్చింది. తల దూర్చే అవకాశం ముద్దాయికి ఇచ్చారు. కూర్చారు, విప్పారు, మళ్ళీ కూర్చారు. పట్నాయక్ గారు బల్ల గుద్ది మరీ నవ్వారు. బయట బంట్రోతు, లోపల విచారణ చాలా తీవ్రంగా సాగుతోందని అందరికీ చెప్పాడు.

తరవాత ఇద్దరూ చేతిరుమాళ్ళతో చేతులు తుడుచుకుని తీర్పు రాశారు. తీర్పు ఒకటే, కాగితాలు రెండు. నేరం పూర్తిగా రుజువైంది. దయతలచి ఉద్యోగం తియ్యలేదు. కూర్మారావును రాయగడలోని ఇనుప సామాన్ల గోదాముకు బదిలీ చేశారు. అక్కడ కలప ఉండదు. గరిటెతల స్ట్రాంగ్‌రూములోకి వెళ్ళింది.

"నవ్వినారు కదండీ!" అంది వరహాలమ్మ, జీపులో సామాన్లు ఎక్కిస్తూ. "ఇద్దరూ సిన్నపిల్లల్లాగ నవ్వినారు. మరి ఇదేటి?"

"నవ్వింది ఆళ్ళు," అన్నాడు కూర్మారావు. "రాసింది గవర్నమెంట్లు."

ఎనభై మూడులో రెండు ప్రభుత్వాలకూ ఒకేసారి సమైక్యత గుర్తొచ్చింది. రాయగడలో ఉత్సవం చేసి, అందరి ముందూ తాబేలును తిరిగి ఏకం చెయ్యాలనుకున్నారు. స్ట్రాంగ్‌రూము తెరిస్తే తలలు రెండింటినీ చెదలు తినేశాయి. రెండు రాష్ట్రాల్లో వెతికినా, తల ఎలా ఉంటుందో తెలుసని ఒప్పుకున్నవాడు రిటైరు కాబోతున్న గోదాము గుమాస్తా ఒక్కడే దొరికాడు. కూర్మారావు గడ్డం గీయించుకుని, పాత శాలువా కప్పుకుని వచ్చాడు. పాత చాకుతోనే తల చెక్కాడు. ఈ తల చెక్కడానికి అతనికి ప్రభుత్వ అనుమతి ఉంది. ఆ సంగతి దారిలో కనబడిన అందరికీ చెప్పుకున్నాడు. గొప్పలు మళ్ళీ మొదలైనందుకు వరహాలమ్మ సంతోషించింది.

మైదానం నిండిపోయింది. కుడివైపు డిప్ప క్రీడాకారుల సంఘం, ఎడమవైపు కాళ్ళ క్రీడాకారుల సంఘం. వేదిక మీద రిటైరైన ఇంజనీర్లిద్దరూ ముఖ్య అతిథులు. కూర్మారావు డిప్ప తీసుకోగానే కుడివైపు చప్పట్లు కొట్టింది. కాళ్ళు తీసుకోగానే ఎడమవైపు కొట్టింది. తల దూర్చి, టక్‌మనిపించి, తాబేలును పైకెత్తి పట్టుకున్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ముందర పొడుసుకొచ్చిందేటది?" అని ఒక డిప్ప వీరుడు లేచాడు.

"తల," అన్నాడు కూర్మారావు.

"ఎవుల తల?"

"తాబేలు తల."

"తాతల కాలం నుంచి మా ఆటకి తల నేదు! ఇప్పుడెక్కడ్నించొచ్చింది?"

"మాకూ లేదు!" అని ఎడమవైపు నుంచి కాళ్ళవీరులు లేచారు. "మా కాళ్ళ మీద ఎవరిదో తల పెడతారా?"

పదమూడేళ్ళలో మొదటిసారి డిప్పవారూ కాళ్ళవారూ భుజం భుజం కలిపి ఒకే నినాదం చేశారు. తల తియ్యాలి, తల తియ్యాలి. సమైక్యత సాధించడమే ఉత్సవ లక్ష్యం కనుక అది నెరవేరిందని చెప్పుకోవాలి. ఒక రాయి మైకుకు తగిలింది. ఒకటి కూర్మారావు నుదుటికి తగిలింది. వేదిక మీద సోమేశ్వరరావు గారు పట్నాయక్ గారి వైపు చూశారు. పట్నాయక్ గారు సోమేశ్వరరావు గారి వైపు చూశారు. తలకు సంబంధించి తమకు ఎటువంటి సమాచారమూ లేదని ఇద్దరూ మైకులో వేరువేరుగా ప్రకటించారు. ప్రజాభిప్రాయాన్ని మన్నించి ఆటబొమ్మకు తల లేదని మర్నాడే రెండు ఉత్తర్వులు వచ్చాయి.

స్టేషన్ వెనక పంపు దగ్గర వరహాలమ్మ అతని నుదురు కడిగి, శాలువా అంచు చింపి కట్టు కట్టింది.

"నొప్పెడతన్నాదా?"

"రాయికి కాదే," అన్నాడు కూర్మారావు. తాబేలు ఇంకా అతని గుప్పిట్లోనే ఉంది. "అంతమంది ఉన్నారు. ఒక్కడైనా ఇప్పి సూడనేదే. ఒక్కడైనా!"

ఆమె తాబేలు తీసుకుని తల లాగింది. ముక్కలు ఒళ్ళో పడ్డాయి. కాళ్ళను వదిలేసి ముందుగా డిప్ప పట్టుకుంది. అది కాదన్నట్టు తిప్పింది. కాలు తిరగేసి దూర్చింది. "ఇదేటండీ, రావట్నేదు! అంతా మరిసిపోయినాను," అని విసుక్కుంది. కూర్మారావు చూస్తూ కూర్చున్నాడు. అతని భుజాలు కదలడం మొదలుపెట్టాయి. కట్టు మీద చెయ్యి వేసుకుని, నుదురు నొప్పెడుతున్నా ఆపుకోలేక, పంపు దగ్గరున్నవాళ్ళంతా తిరిగి చూసేలా నవ్వాడు.

ఈ కథ చదువుతున్నవారిలో డిప్పవారు ఎందరో, కాళ్ళవారు ఎందరో నాకు తెలియదు. నేను ఈ ఊళ్ళోనే ఉండాలి, నాకూ నుదురుంది. కనుక ఇరుపక్షాల మనోభావాలను గౌరవిస్తూ మనవి చేసుకునేదేమంటే, పైన తల అని రాసిన చోటల్లా నేనేమీ రాయలేదనీ మీరేమీ చదవలేదనీ భావించ ప్రార్థన. ఇంతకాలమూ మీరు అలాగే భావిస్తూ వచ్చారు కనుక ఇది కష్టమేమీ కాదు.